ప్రాంగణంలో సేవా కార్యక్రమం చేపట్టే విద్యార్థులకు: గోదావరి డెల్టా అనుభవం నుంచి

2022 జూలైలో ధవళేశ్వరం వద్ద వరద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిన వారంలో, మా కళాశాల విద్యార్థులు మూడు రోజుల పాటు వసతి గృహాలన్నీ తిరిగి రెండు వ్యాన్ల నిండా పాత బట్టలు పోగుచేశారు. వాటితో కోనసీమలో గోదావరి పాయల మధ్య దిబ్బ మీద ఉన్న ఒక లంక గ్రామానికి చేరాం. ఏటిగట్టు మీద టార్పాలిన్ పరదా కింద కూర్చున్న ఒక పెద్దావిడ మూట విప్పి చూసి, "మా గుడ్డలు అటకెక్కించుకున్నామండీ బాబూ, తడవలేదు. గేదెలే రెండు రోజుల్నించీ గట్టు మీద ఆకలికి అల్లాడిపోతున్నాయి. గడ్డేమన్నా తెచ్చారా అండీ?" అని అడిగింది. మా దగ్గర ఒక్క గడ్డిమోపు కూడా లేదు. ఆ బట్టల్లో సగం వానకు తడిసి అక్కడే పాడయ్యాయి. మిగిలినవి వెనక్కి తేవడానికి మళ్లీ వ్యాను కిరాయి కట్టాం. ఆ ప్రశ్న విన్న తర్వాతే మేము సేవా కార్యక్రమాలు చేసే తీరు మార్చుకున్నాం. ఈ డెల్టాలోని కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో చదువుతూ ఇలాంటి పనికి పూనుకునే విద్యార్థులకు ఆ తీరును వివరించడం కోసం ఇది రాస్తున్నాను.

అవసరాన్ని తెలుసుకోవడం

కార్యక్రమానికి పేరు, బ్యానరు, ముఖ్య అతిథి ఎవరన్నవి ఆలోచించకముందే, ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఆ ఊరికి లేదా ఆ సంస్థకు ఒకసారి ఖాళీ చేతులతో వెళ్లి రావాలి. గ్రామ సచివాలయంలో అడిగితే కుటుంబాల లెక్క దొరుకుతుంది. అయితే ఏ ఇంట్లో బాలింత ఉంది, ఏ ముసలాయనకు మందులు అయిపోయాయి, ఏ ఇంటికి మగదిక్కు లేదు అన్న సంగతులు ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచరుకు తెలిసినంతగా మరెవరికీ తెలియవు. మగవారిని, ఆడవారిని విడివిడిగా అడగాలి. ఒక ఊళ్లో మగవారంతా పడవలు, పరదాలు కావాలన్నారు. మా అమ్మాయిలు లోపలికి వెళ్లి అడిగితే, నెలసరి బట్టలు లేక, మరుగుదొడ్డి నీట మునిగి, పగలంతా మంచినీళ్లు కూడా తాగకుండా ఉంటున్నామని ఆడవారు చెప్పారు. ఆ మాట గట్టు మీద పదిమందిలో బయటికి వచ్చేది కాదు. 1986 ఆగస్టు వరదలో నీరు ఎంతవరకు వచ్చిందో ఇంటి గోడ మీద చేత్తో చూపించే పెద్దలు లంకల్లో ఇంకా ఉన్నారు. వారిని కూర్చోబెట్టి అడిగితే ముందు ఏ వీధి మునుగుతుందో, ఏ దారి తెగుతుందో వివరంగా చెబుతారు.

వరద సమయంలో లంక గ్రామాలకు సాధారణంగా కావలసినవి తాగునీటి డబ్బాలు, పాలు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, దోమల చుట్టలు, పరదాలు, శానిటరీ ప్యాడ్లు, పశువులకు ఎండుగడ్డి. ఇందులో గడ్డి సంగతి పట్టణంలో పెరిగిన విద్యార్థులకు తట్టదు. లంకల్లో పాడి మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. వరదకు పచ్చిక కుళ్లిపోతుంది, గడ్డిమేట్లు తడిసిపోతాయి, నీరు తీసిన తర్వాత కూడా కొన్ని వారాలు మేత దొరకదు. దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయ్యాక మెరక ఊళ్లలో గడ్డి చౌకగా దొరుకుతుంది కనుక, అప్పుడే ఒక రైతుతో మాట్లాడి ఉంచుకుంటే వరద వేళకు వెతుక్కునే పని ఉండదు.

ఎప్పుడు బయలుదేరాలన్నది కూడా నది చెప్పే విషయమే. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీ చేస్తారు. ఎగువనున్న భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరి అక్కడ మొదటి హెచ్చరిక వచ్చిందని వినగానే సేకరణ మొదలుపెట్టాలి. మూడవ హెచ్చరిక అమలులో ఉన్నప్పుడు విద్యార్థులు ఏటి ఒడ్డుకు వెళ్లకూడదు. అప్పుడు సామగ్రిని రెవెన్యూ అధికారులకు గానీ, విపత్తు సహాయక బృందాలకు గానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. నాటు పడవ ఎక్కవలసి వస్తే లైఫ్ జాకెట్ లేని ఒక్క విద్యార్థినీ ఎక్కనివ్వవద్దు. ఈ విషయంలో ఎంత కఠినంగా ఉన్నా తప్పులేదు. పిల్లలను మనకు అప్పగించినవారు ఇంటి దగ్గర ఎదురుచూస్తుంటారు.

అనుమతులు

జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) 1969 సెప్టెంబరు 24న ప్రారంభమైంది. దాని కింద నమోదైన వాలంటీరు రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలోనూ పాల్గొనాలి. మీ కళాశాలలో ఈ విభాగం ఉంటే కార్యక్రమాన్ని దాని ప్రోగ్రాం ఆఫీసరు ద్వారానే నడపడం మంచిది. అనుమతి లేఖ కదలడం తేలికవుతుంది, విద్యార్థి వెచ్చించిన గంటలు లెక్కలోకి వస్తాయి. లేఖలో తేదీ, స్థలం, వేళలు, పాల్గొనేవారి సంఖ్య, బాధ్యత వహించే ఇద్దరు అధ్యాపకుల పేర్లు, ప్రథమ చికిత్స ఏర్పాటు, అమ్మాయిలు వసతి గృహానికి తిరిగి చేరే వేళ ఉండాలి. ప్రాంగణం బయటికి వెళ్తే తల్లిదండ్రుల సమ్మతి పత్రం తప్పనిసరిగా తీసుకోవాలి.

తేదీ నిర్ణయించేటప్పుడు పరీక్షల కాలపట్టికతో పాటు పండుగలనూ చూసుకోవాలి. మన జిల్లాల్లో సంక్రాంతికి వారం ముందే వసతి గృహాలు సగం ఖాళీ అవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపాన్ల కాలం కనుక, ఆ నెలల్లో ఆరుబయట షామియానా కింద పెద్ద కార్యక్రమం పెట్టుకోకుండా ఆడిటోరియం అడగడమే నయం.

రక్తదాన శిబిరం

కళాశాల ప్రాంగణంలో జరిగే సేవా కార్యక్రమాలన్నిటిలో నేరుగా ఒక ప్రాణాన్ని నిలబెట్టేది రక్తదాన శిబిరం. ఏర్పాట్లలో ఎక్కువ జాగ్రత్త కోరేదీ ఇదే. లైసెన్సు ఉన్న రక్తనిధి కేంద్రంతో మాత్రమే శిబిరం జరపాలి. ముందుగా వారిని అడగవలసింది ఎన్ని యూనిట్లు తీసుకోగలరు, ఎన్ని నిల్వ చేయగలరు అని. ఎర్ర రక్తకణాలు నిల్వ ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులే నిలుస్తాయి. ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి పనికిరావు. అందువల్ల ఒకే రోజున మూడు వందల మంది దాతలని గొప్పగా చెప్పుకునే శిబిరం కంటే, మూడు నెలలకు ఒకటి చొప్పున డెబ్బై ఎనభై మందితో జరిగే శిబిరాలే ఆసుపత్రులకు ఉపయోగపడతాయని నా నమ్మకం. వేసవి సెలవుల్లో కళాశాలలు మూతపడి శిబిరాలు తగ్గిపోతాయి కనుక, విద్యార్థులు ఇళ్లకు వెళ్లకముందే ఒక శిబిరం జరపడం ఎంతో అవసరం.

దాతకు 18 ఏళ్లు నిండి ఉండాలి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12.5 గ్రాములు ఉండాలి. 45 కిలోలు దాటినవారి నుంచి 350 మిల్లీలీటర్లు తీసుకుంటారు. 450 మిల్లీలీటర్లు తీసుకోవాలంటే బరువు 55 కిలోలకు మించి ఉండాలి. ఒకసారి ఇచ్చిన తర్వాత పురుషులు 90 రోజులు, స్త్రీలు 120 రోజులు ఆగాలి. పచ్చబొట్టు వేయించుకున్నవారు ఏడాది ఆగాలి. ఈ నిబంధనలను శిబిరానికి వారం ముందే వసతి గృహం మెస్ గోడకు అతికించాలి. లేకపోతే ఉత్సాహంగా వరుసలో నిలబడ్డ పిల్లవాడు అందరి ముందూ వెనుదిరగవలసి వస్తుంది.

శిబిరం రోజు ఉదయం మెస్‌లో టిఫిను ఒక గంట ముందుగా పెట్టించాలి. కళ్లు తిరిగి పడిపోయే విద్యార్థుల్లో ఎక్కువమంది ఖాళీ కడుపుతో వచ్చినవారే. ఒకసారి, పేర్ల నమోదు బల్ల దగ్గర "టిఫిను తిన్నావా?" అన్న ప్రశ్నకు తలూపి లోపలికి వెళ్లిన మొదటి సంవత్సరం కుర్రవాడు, సూది తీసిన రెండు నిమిషాలకే లేచి నిలబడి కుర్చీల మధ్య కూలబడ్డాడు. చేతిలో బిగించి పట్టుకున్న దూది అలాగే ఉంది, పెదవులు తెల్లబడ్డాయి. నర్సు అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపట్టుకుంటే కొద్దిసేపటికే తేరుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగితే, స్నేహితులు త్వర పెట్టడంతో తినకుండానే వచ్చేశానని చెప్పాడు. అప్పటినుంచి నమోదు బల్లకు ముందే ఇంకో బల్ల వేసి, రెండు ఇడ్లీలు, గ్లాసు మజ్జిగ అక్కడే ఇస్తున్నాం. రక్తం ఇచ్చాక పావుగంట సేపు కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన ఒక వాలంటీరును ఉంచుతున్నాం. ఆ వాలంటీరుకు సెల్ఫీలు తీయడం, ధ్రువపత్రాలు పంచడం వంటి మరో పని అప్పగించవద్దు.

హిమోగ్లోబిన్ తక్కువని తేలేది ఎక్కువగా అమ్మాయిలకే. ఆ అంకెను బిగ్గరగా చదవకూడదు. చీటీ మీద రాసి ఇచ్చి, కళాశాల వైద్యురాలి దగ్గరికో, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో పంపాలి. ఆ విద్యార్థిని రక్తం ఇవ్వకపోయినా, ఐరన్ మాత్రలు మొదలుపెడితే ఆ శిబిరం వల్ల మేలు జరిగినట్టే. రక్తం ఇచ్చినవారికి హాజరు మినహాయింపో, మార్కులో ఇస్తామనడం మాత్రం తప్పు. ప్రతిఫలం ఆశ చూపితే, తనకున్న జబ్బునో వాడుతున్న మందునో దాచిపెట్టి రక్తం ఇచ్చేవారు తయారవుతారు. దాని నష్టం ఎక్కడో ఆసుపత్రి మంచం మీద ఉన్న రోగికి జరుగుతుంది.

డబ్బు, లెక్క

విద్యార్థి సంఘాల మీద నమ్మకం చెడేది ఎక్కువగా డబ్బు దగ్గరే. ఎవరి సొంత ఫోను నంబరుకూ చందాలు వేయించుకోకూడదు. క్యూఆర్ కోడ్ కళాశాల ఖాతాదై ఉండాలి. నగదు తీసుకుంటే వరుస సంఖ్యలున్న రసీదు పుస్తకం వాడి, సేకరణకు ఇద్దరిద్దరు కలిసి వెళ్లి, ఆ సాయంత్రమే ఒక అధ్యాపకుడి ఎదుట లెక్కపెట్టి సంతకాలు చేయాలి. మన ప్రాంతపు కళాశాలలకు విదేశాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు చాలామంది ఉంటారు, అడిగితే వెంటనే పంపుతారు. అయితే భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపిన సొమ్మును మాత్రమే తీసుకోవచ్చు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే కార్డు) ఉన్నవారు ఇచ్చేది చట్టం దృష్టిలో విదేశీ విరాళం. దానికి ప్రత్యేక నమోదు ఉండాలి. వారు సాయం చేస్తామంటే, ఆ నమోదు ఉన్న సంస్థకు నేరుగా ఇవ్వమని మర్యాదగా చెప్పాలి.

చందాల కంటే విద్యార్థులు తమ చేతులతో సంపాదించిన డబ్బు ఎక్కువ తృప్తినిస్తుంది. మా అమ్మాయిలు ఒక ఏడాది పొట్టిక్కల దుకాణం పెట్టారు. పనసాకులను ఈనెలతో బుట్టల్లా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తుంటే, ఆ ఆకు వాసనకే జనం వరుస కట్టారు. బుట్టలు కుట్టడం నేర్పడానికి ఒక విద్యార్థిని అమ్మమ్మగారు ముందురోజే వచ్చి వసతి గృహంలో ఉన్నారు. సాయంత్రానికి పెట్టెలో చేరిన మొత్తమంతా విరాళమేనని పిల్లలు సంబరపడుతుంటే, మినప్పప్పు, గ్యాసు, కొబ్బరికాయలు, విస్తళ్ల ఖర్చు తీసేసి మిగిలినదే విరాళమని కాగితం మీద వేసి చూపించాను. ఖర్చు తీయకుండా అమ్మకం మొత్తాన్ని ప్రకటిస్తే, తర్వాత అప్పగించే సొమ్ము తక్కువై లేనిపోని అనుమానాలు పుడతాయి.

ఇచ్చేటప్పుడు

లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవారికి కూడా పొయ్యి వెలిగించి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారు పుట్టి పెరిగిన సీమ ఇది. ఇక్కడ సాయం తీసుకునే మనిషిని వరుసలో నిలబెట్టి, బియ్యం సంచి చేతిలో పెట్టి, కెమెరా వైపు చూడమనడం నాకు బాధ కలిగిస్తుంది. సామగ్రి పేర్చినప్పటి ఫొటో, విద్యార్థులు మూటలు మోస్తున్న ఫొటో చాలు. పిల్లల సంరక్షణ గృహాలకు వెళ్లినప్పుడైతే ఇది చట్టం కూడా: అక్కడి పిల్లల ముఖాలు, పేర్లు బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం నిషేధిస్తుంది. పుట్టినరోజు కేకుతో ఒక్కసారి వెళ్లి పిల్లలను ఎత్తుకుని వచ్చేయడం కంటే, ఏడాది పొడవునా ప్రతి శనివారం ఇద్దరు విద్యార్థులు వెళ్లి లెక్కలు చెప్పడం ఆ పిల్లలకు మేలు.

మెస్‌లో మిగిలిన అన్నం పంచాలనుకుంటే, మన ఉక్కపోత వాతావరణంలో వండిన రెండు గంటల లోపే తీసుకునేవారి చేతికి అందాలి. ఎంగిలి చేతులు పడని గిన్నెలోదే ఇవ్వాలి. పెరుగన్నం, కొబ్బరి పచ్చడి త్వరగా పాడవుతాయి కనుక ఇవ్వకపోవడమే మంచిది.

కార్యక్రమం ముగిసిన వారంలోగా జమా ఖర్చుల పట్టికను ప్రోగ్రాం ఆఫీసరు సంతకంతో నోటీసు బోర్డు మీద పెట్టాలి. రసీదుల నకళ్లు ఎవరు అడిగినా చూపించాలి. మిగిలిన సొమ్ము ఎంత చిన్నదైనా దేనికి వాడేదీ అందులోనే రాయాలి. వీటన్నిటితో పాటు ఒక చేతిరాత పుస్తకం ఉంచుకుని, ఆఖరి సంవత్సరం విద్యార్థులు వెళ్లేముందు రెండో సంవత్సరం వారికి అప్పగించాలి. మా పుస్తకంలో ఏ ఊరి ఆశా కార్యకర్త ఏ వేళలో దొరుకుతారు, ఎవరి ట్రాక్టరు గట్టు దారిలో వెళ్లగలదు, ఏ రేవులో పంటు (మనుషులను, బళ్లను ఏరు దాటించే పెద్ద పడవ) ఎప్పుడు ఆపేస్తారు, ఏ ఏడాది గడ్డి ఏ ధరకు కొన్నాం అన్నవన్నీ ఉన్నాయి. మొదటి పేజీలో ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్న ఆమె మాటల్లోనే రాసి ఉంది. దాని కింద, ఆ తర్వాత మేము లంకలకు చేర్చిన గడ్డిమోపుల లెక్కను తేదీలతో సహా రాసుకుంటూ వస్తున్నారు.