మట్టి మార్చినా సక్యులెంట్ ఎందుకు కుళ్ళుతోంది?

ఎకెవేరియా అనే సక్యులెంట్ (మందమైన ఆకుల్లో నీరు దాచుకునే మొక్క) అడుగు ఆకులు పసుపు తిరిగి, నీరు నిండినట్టు మెత్తబడి, వేలు తగిలితే రాలిపోతున్నాయి. లేదా ఆకులన్నీ ముడతలు పడి వడలిపోయాయి. ఈ రెండు బాధలతో నన్ను అడిగేవారు చాలామంది అప్పటికే మట్టి మార్చి, ఎరువు వేసి, మందు కూడా చల్లి ఉంటారు. కుండీలో పుల్ల గుచ్చి చూసినవారు మాత్రం అరుదు.

దయచేసి ముందు ఆ పని చేయండి. వెదురు పుల్లను మొక్క మొదలుకు ఆనుకునేలా అడుగు దాకా దించి, పది నిమిషాలు ఆగి తీయండి. ఆకులు ముడతలు పడి, పుల్ల పొడిగా వస్తే అది దాహం, నీళ్ళు పోస్తే రెండు మూడు రోజుల్లో తేరుకుంటుంది. ముడతలు ఉన్నా పుల్ల తడిగా వస్తే వేర్లు కుళ్ళాయని అర్థం. చుట్టూ నీరున్నా మొక్క తాగలేకపోతోంది. సరిగ్గా ఈ స్థితిలోనే మళ్ళీ నీళ్ళు పోసి మొక్కను పోగొట్టుకుంటారు.

మట్టి గట్టిపడి, తడి ఆరడం లేదు

నల్లరేగడి వాడితే వెంటనే తీసేయండి. ఎర్రమట్టిలో సన్న ఇసుక కలిపినా లాభం లేదు. ఆ రేణువులు మట్టి సందుల్లో దూరి మరింత బిగిస్తాయి. కావలసింది 2 నుంచి 5 మిల్లీమీటర్ల గరుకు ఇసుక. రోబో ఇసుకైతే జల్లించి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. నేను ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు వర్మీకంపోస్టు, మూడు పాళ్ళు గరుకు సరుకు కలుపుతాను. గరుకు సరుకంటే ఇసుక, పెర్లైట్ (తేలికైన తెల్లని గుల్ల రాతి గుళికలు), చితక్కొట్టిన ఇటుక ముక్కలు. తడిపి గుప్పిట బిగించి వదిలితే ముద్ద నిలవకుండా విడిపోవాలి. అడుగున గులకరాళ్ళ పొర వేయకండి. నీరు రాళ్ళలోకి సులువుగా దిగకుండా వాటి మీదున్న మట్టిలోనే ఆగి, తడి వేర్లకు మరింత దగ్గరవుతుంది.

మిశ్రమం మంచిదే, అయినా కుళ్ళుతోంది

నన్ను ఎక్కువగా దెబ్బతీసింది ఇదే. ఒక వానాకాలంలో పన్నెండు ఎకెవేరియాలను పోగొట్టుకున్నాను. మిశ్రమంలో లోపం లేదు, కుండీలకు రంధ్రాలున్నాయి. చివరి మొక్కను పెకలించి మొదలు దగ్గర చిదిమి చూస్తే, వేర్ల నడుమ నిమ్మకాయంత కొబ్బరిపొట్టు ముద్ద కనిపించింది. చుట్టూ ఉన్న మట్టి పొడిపొడిగా రాలుతోంది, ముద్దను పిండితే నీళ్ళు కారాయి.

నర్సరీ నుంచి వచ్చే మొక్కలు చాలావరకు కొబ్బరిపొట్టులోనే పెరుగుతాయి. మనం ఆ ముద్దను కదపకుండా తెచ్చి గరుకు మట్టిలో నాటుతాం. సన్నటి పొట్టు నీటిని పట్టి ఉంచుకుంటుంది, పక్కనున్న గరుకు మట్టి దాన్ని లాగలేదు. పైమట్టి ఎండిందని నీళ్ళు పోసినప్పుడల్లా ఆ ముద్ద మళ్ళీ తడుస్తుంది. ఎండాకాలంలో కథ తిరగబడుతుంది. పూర్తిగా ఎండిన ముద్ద ముడుచుకుపోయి, పోసిన నీరు దాని పక్క నుంచే జారి కింద కారిపోతుంది. నీళ్ళు పోస్తున్నా వేర్లు ఎండుతాయి. రెండు సమస్యలకూ మూలం ఒకటే.

మొక్కను తీసి ముద్దను పావుగంట నీటిలో నానబెట్టి, వేళ్ళతో మెల్లగా విడదీస్తూ కడగండి. వేర్లను చుట్టి సన్నని వల గుడ్డ ఉంటే కత్తిరించి తీసేయండి, దాన్ని గమనించనివారే ఎక్కువ. నల్లబడి మెత్తగా ఉన్న వేర్లను శుభ్రమైన బ్లేడుతో కోసి, మొక్కను మూడు రోజులు నీడలో ఆరనివ్వండి. తర్వాత పొడి మిశ్రమంలో నాటి, వారం దాకా నీళ్ళు పోయకండి. కాండం కూడా నల్లబడితే మచ్చ లేని కండ కనిపించేదాకా కోసి, కోత ఎండాక పొడి మిశ్రమంపై నిలబెట్టండి. కొత్త వేర్లు వస్తాయి.

కాండం సాగి ఆకులు దూరదూరంగా వస్తే అది వెలుతురు లోపం, మట్టిని తప్పుపట్టకండి. వేర్లపై తెల్లని దూది లాంటి పిండినల్లి కనిపిస్తే పాత మట్టి పారేసి, వేర్లు కడిగి, కుండీ మార్చండి. ఇది నాకు అరుదుగానే ఎదురైంది.

ఈ మరమ్మతుకు వానలు తగ్గాక, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. కుళ్ళు మొదలైతే మాత్రం ఏ నెలైనా ఆగవద్దు.