జపాన్‌కి కొత్తగా వచ్చారా? పొద్దున్నే 20 నిమిషాల్లో చేపల బెంటో

ఆఫీసు మైక్రోవేవ్‌లో చేపల పులుసు వేడి చేసుకోవచ్చా అని కొత్తగా వచ్చినవాళ్లు తప్పకుండా అడుగుతారు. చేసుకోవచ్చు. ఎవరూ పల్లెత్తు మాట అనరు. అనకపోవడమే వచ్చిన చిక్కు. మర్నాటి నుంచి ఆ గదిలో కిటికీ తెరిచి ఉంటుంది, అంతే. పైగా 12 గంటలకి మైక్రోవేవ్ ముందు క్యూ కట్టి, ఉన్న గంటలో పావుగంట అక్కడే పోగొట్టుకోవడం ఎందుకు? చేపలు మానక్కర్లేదు, వండే తీరు మార్చుకుంటే చాలు.

బెంటో అనేది మొదట్నుంచీ చల్లారాక తినడానికే వండే భోజనం. ప్రయాణానికి పులిహోర కట్టుకున్నట్టే. వేడి చేయాల్సిన పని లేదు, కారిపోయేది ఉండదు, వాసన గదంతా కమ్ముకోదు. ఇందులో మీరు కాపలా కాయాల్సింది తడి మీద. పులుసు, గ్రేవీ, ఉల్లిపాయ మసాలా, వేడి మీద పెట్టిన మూత... బాక్సు పాడయ్యేది వీటి వల్లే. చేపా రొయ్యా పొడిపొడిగా, కాస్త ఉప్పు ముందుండేలా వండితే మధ్యాహ్నానికి రుచి తగ్గదు.

చేపలు కొనడం

టోక్యోలోని నిషి-కసాయ్‌లోనో ఓజిమాలోనో ఇల్లు తీసుకున్నవాళ్లకి సోనా మసూరి, కరివేపాకు, ఇంగువ దగ్గర్లోనే దొరుకుతాయి. చేపల కోసం మాత్రం ఇంటి పక్క మామూలు సూపర్ మార్కెట్టే మేలు. తాజాగా ఉంటాయి, ముక్కలు కోసి, పొలుసు తీసి, ట్రేలో సర్ది ఉంటాయి. కత్తి ముట్టుకోవాల్సిన పనే ఉండదు.

మొదటి బెంటోకి సాల్మన్ తీసుకోండి. ఉప్పు పట్టించిన ముక్కల్ని షియోజాకే అంటారు. ట్రే మీద అమాకుచి, కారాకుచి అని ఉంటుంది. ఇక్కడ అమాకుచి అంటే ఉప్పు తక్కువ, కారాకుచి అంటే ఉప్పు బాగా ఎక్కువ. మిరపకాయ ఊసే లేదు. మనకి అమాకుచి సరిపోతుంది, కారాకుచి ముక్కకి అన్నం రెండింతలు కావాలి. పిల్లల డబ్బాకైతే హోనెనాషి అని రాసినవి, అంటే ముల్లు తీసినవి, వెతకండి. ధర కొంచెం ఎక్కువైనా పొద్దున్నే ఆ హడావిడిలో ముళ్లు ఏరే బాధ తప్పుతుంది.

తర్వాత సాబా. మన కానాగడతల జాతే, నూనె ఎక్కువ. ఉప్పు పట్టించి నిలువునా రెండుగా చీల్చి అమ్ముతారు. ట్రే మీద చూస్తే చాలావరకు నార్వే నుంచి వచ్చినవే. రుచికి సాల్మన్ కంటే నాకు ఇదే ఇష్టం. కానీ దీంతో జాగ్రత్త ఎక్కువ కావాలి. సాబా వంటి చేపలు వెచ్చటి చోట ఉండిపోతే వాటిలో హిస్టమిన్ తయారవుతుంది. అది ఒకసారి చేరాక ఎంత వేయించినా పోదు. తింటే ముఖం ఎర్రబడి దద్దుర్లు వస్తాయి. అందుకని సాబాని ఫ్రీజర్లోంచి తీసి సింకు పక్కన వదిలేయకండి. ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో కింది అరలోకి దించుకోండి.

రొయ్యలకి ఫ్రీజర్ విభాగంలో ముకిఎబి అని అడగండి, ఒలిచినవి సంచుల్లో దొరుకుతాయి. వెనక్కి తిప్పి ఎక్కడివో చూడండి, ఇండియా అని కూడా కనిపిస్తుంటుంది. మన దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశే ముందు కాబట్టి, భీమవరం చుట్టుపక్కల చెరువుల్లోని రొయ్యే మీకంటే ముందు టోక్యో చేరి ఉండొచ్చు.

లేబుళ్లు ఫోన్ కెమెరాతో చదివించుకోవచ్చు గానీ రెండు మూడు మాటలు మనసులో ఉంచుకుంటే పని తేలిక. కానెత్సు-యో అంటే వండుకునే తినాలి. సాషిమి-యో అంటే పచ్చిగా తినొచ్చు. అయినా సాషిమి-యో ముక్కల్ని పచ్చిగా మధ్యాహ్నం డబ్బాలో పెట్టకండి. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తినడానికి అమ్ముతారు వాటిని. సుషి మీద మనసు పోతే కొట్లో కూర్చుని తినండి. పచ్చి చేపల్లో అనిసాకిస్ అనే సన్నటి పురుగు ఉండే అవకాశం ఉంది. మైనస్ 20 డిగ్రీల్లో 24 గంటలు గడ్డకట్టినా, 60 డిగ్రీల్లో నిమిషంపాటు ఉడికినా అది చస్తుంది. ఇంటి ఫ్రీజర్ ఆ చలికి చేరకపోవచ్చు, పొయ్యి మాత్రం తేలిగ్గా చేరుతుంది.

తేదీలు కూడా రెండు రకాలు. షోహి కిగెన్ దాటితే తినకూడదు, చేపల మీద ఉండేది ఇదే. షోమి కిగెన్ దాటితే రుచి తగ్గుతుందని మాత్రమే. సాయంత్రం పొద్దుపోయాక వెళ్తే హాంగాకు, అంటే సగం ధర, స్టిక్కర్లు అంటిస్తారు. ఆ సాల్మన్ కొనుక్కొచ్చి ఆ రాత్రే వేయించేయండి, లేదా ముక్కముక్కా విడిగా చుట్టి ఫ్రీజర్లో పడేయండి.

ఇంట్లో ఎవరికైనా రొయ్య పడకపోతే చెప్పాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ప్యాకెట్ల మీద రొయ్య, పీత పేర్లు వేయడం 2008 నుంచి తప్పనిసరి. ఆ జాబితాలో గుడ్డు, పాలు, గోధుమ, వేరుశనగ వంటివి కూడా ఉన్నాయి. పీత ముక్కల్లా కనిపించే కానికామా నిజానికి తెల్లచేప గుజ్జుతో చేసిందే, కానీ వాసన కోసం పీత సారం కలిపి ఉండొచ్చు. చదివాకే పెట్టండి.

అన్నం సంగతి

ఇక్కడ మాత్రం పట్టు వదలండి. సోనా మసూరి వేడిగా ఎంత బాగున్నా చల్లారితే పలుకులుగా గట్టిపడిపోతుంది. జపాన్ పొట్టిబియ్యం చల్లారినా మెత్తగానే ఉంటుంది. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది, దాన్ని ఒక గో అంటారు, దాదాపు 150 గ్రాముల బియ్యం. ఇద్దరి డబ్బాలకి అది చాలు. నీళ్లు తేటపడేదాకా కడిగి, కుక్కర్ లోపలి గీత దాకా నీళ్లు పోసి, రాత్రే టైమర్ పెట్టేయండి. వండిన అన్నం ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, ఏ బియ్యమైనా బిరుసెక్కుతుంది. మిగిలితే వేడిగా ఉన్నప్పుడే ఒక్కో పూటకి సరిపడా ప్లాస్టిక్ రేపర్‌లో చుట్టి ఫ్రీజర్లో పెట్టండి.

పొయ్యి దగ్గర

ముందు అన్నం డబ్బాలో సగం మేర పరిచేయండి. మీరు మిగతావి వండేలోపు అది ఆరుతుంది.

పెనం మీద బేకింగ్ పేపర్ వేసి, సాల్మన్ ముక్కకి పైన చేరిన నీరు టిష్యూతో గట్టిగా అద్దండి. నీచు వాసనంతా ఆ నీటిలోనే. తోలువైపు కిందికి పెట్టి సన్నటి మంట మీద నాలుగు నిమిషాలు కదపకండి. అంచుల నుంచి రంగు పాలిపోతూ పైకి పాకుతుంది. సగం ఎత్తు దాటాక తిప్పి, మూత పెట్టి మూడు నిమిషాలు. నూనె అక్కర్లేదు, చేప తన నూనెలోనే వేగుతుంది. గ్యాస్ పొయ్యి కింద చేపల గ్రిల్లు ఉన్నా, తోమే ఓపిక లేకపోతే దాని జోలికి పోకండి.

ఆ వ్యవధిలోనే రొయ్యలు. వీపు మీద నల్ల నరం మిగిలి ఉంటే పంటిపుల్లతో పైకి లాగేయండి. చిటికెడు ఉప్పు, ఒక చెంచా కాటాకురికో, అంటే బంగాళదుంప పిండి, వేసి వేళ్లతో పిసికితే పిండి బూడిద రంగుకి తిరుగుతుంది. ఆ మురికంతా రొయ్యదే. కడిగి, అద్ది, మళ్లీ కాస్త పొడి పిండి పట్టించి, కొంచెం నూనెలో రెండువైపులా వేయించండి. లోపలిదాకా తెల్లబడాలి. చివర్లో సోయా సాస్ ఒక చెంచా, మిరిన్ (వంటలో వాడే తియ్యటి బియ్యపు సారా) ఒక చెంచా పోస్తే పిండి ఆ రసాన్ని పీల్చుకుని రొయ్యకి పూతలా అంటుకుంటుంది, డబ్బాలో చుక్క కారదు. మిరిన్‌లో ఆల్కహాల్ ఉంటుంది, హోన్-మిరిన్, అంటే అసలైన మిరిన్‌లోనైతే దాదాపు 14 శాతం. వద్దనుకునేవాళ్లు పావు చెంచా చక్కెర వేసుకోండి. ఇంట్లో చేసుకునే రొయ్యల వేపుడు కూడా బాగుంటుంది, కాకపోతే ఉల్లిపాయ వేయకుండా, కరివేపాకూ కారంతో కరకరలాడేదాకా వేయించాలి.

పక్కన ఒక గుడ్డు, పచ్చసొన పూర్తిగా గట్టిపడ్డాకే. ఉడకబెట్టిన బ్రోకొలీ నీరు పిండి, పైన కాత్సుఒబుషి, అంటే ఎండు చేప తురుము, చల్లి ఒక్క చుక్క సోయా సాస్ కలపండి. ఆ తురుము మిగిలిన తడి పీల్చేస్తుంది. టైము లేకపోతే చికువా, లోపల బోలుగా ఉండే చేపల గొట్టం, కొనుక్కోండి. అది ఉడికిందే. ఆ బోలులో కీరా దోస ముక్క దూర్చి కోస్తే చాలు.

అన్నం మీద చల్లుకునే ఫురికాకే తియ్యగా ఉందని మనవాళ్లు మొహం ముడుస్తారు. ఎండు రొయ్యల పొడి చేసుకోండి! సురుగా అఖాతంలో పట్టే సాకురాఎబి గులాబీ రంగులో ఎండబెట్టి అమ్ముతారు, అది ఖరీదు. పక్కనే చిన్న ఎండు రొయ్యల ప్యాకెట్లు చవగ్గా ఉంటాయి. దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి కలిపి పొడి కొట్టండి. రెండు వారాలు ఫ్రిజ్‌లో ఆగుతుంది. వాసన పులుసంత దూరం పోదు.

సర్దడం, మూత పెట్టడం

డబ్బా సైజు మిల్లీలీటర్లలో ఉంటుంది. మామూలు తిండికి 600, బాగా తినేవాళ్లకి 800 నుంచి 900. అన్నం మూడు వంతులు, చేప ఒక వంతు, కూరలు రెండు వంతులు అని ఇక్కడ లెక్క చెబుతుంటారు. కొత్తలో చేప మరీ తక్కువనిపిస్తుంది, కానీ ఉప్పు పట్టిన ముక్క కాబట్టి సరిపోతుంది. పెద్ద ముక్క ముందు పెట్టి, సందుల్లో మిగతావి బిగుతుగా కూరండి. వదులుగా ఉంటే రైల్లోనే అంతా ఒక మూలకి చేరిపోతుంది. విడదీయడానికి సిలికాన్ కప్పులు డైసో, సెరియా లాంటి 100 యెన్‌ల షాపుల్లో దొరుకుతాయి. చెర్రీ టమాటా తొడిమ తీసి, తుడిచి, కోయకుండా పెట్టండి.

ఆరేదాకా మూత పెట్టకండి. వేడి మీద పెడితే ఆవిరి మూత లోపల చెమర్చి, చుక్కలు చుక్కలుగా అన్నం మీద పడి, మధ్యాహ్నానికి పులుపు వాసన వస్తుంది. తొందరైతే డబ్బా కింద ఐస్ ప్యాక్ పెట్టి ఫ్యాన్ వేయండి. అన్నం మధ్యలో ఉమెబోషి, అంటే ఉప్పులో ఊరబెట్టిన పుల్లటి పండు, పెడితే పాడవదంటారు గానీ, అది తగిలినంత మేరకే పనిచేస్తుంది. జూన్‌లో వానలు మొదలైనప్పటి నుంచి సెప్టెంబర్ దాకా ఐస్ ప్యాక్, దాన్ని పెట్టే వెండిరంగు సంచీ లేకుండా చేప పట్టుకెళ్లకండి. ఫ్రోజెన్ చేప ఫ్రైలు గడ్డగానే డబ్బాలో పెట్టేవాళ్లున్నారు. షిజెన్ కైతో, అంటే దానంతటదే కరిగాక తినొచ్చు, అని రాసి ఉన్న ప్యాకెట్టుకే అది చెల్లుతుంది, మిగతావి వేడి చేసి ఆరబెట్టాల్సిందే.

ఇక చెత్త. చేప తోలూ, ముళ్లూ, ట్రేలోని నీరు పీల్చిన కాగితం చిన్న సంచిలో మూటకట్టి ఫ్రీజర్లో ఒక మూల ఉంచి, మండే చెత్త తీసుకెళ్లే రోజు పొద్దున బయటపెట్టండి. వేసవిలో బాల్కనీలో పెడితే పక్కింటివాళ్లు మీతో కాకుండా మేనేజ్‌మెంట్ కంపెనీతో మాట్లాడతారు. నూనె సింకులో పోయకుండా కాగితంలో పీల్పించి ఆ సంచిలోనే వేయండి. సాయంత్రం ఇంటికి రాగానే డబ్బా మూతకుండే రబ్బరు పట్టీ ఊడదీసి, వేడినీళ్లతో విడిగా తోమండి. సాబా వాసన దాక్కునేది అక్కడే.