పసుపుతో ఫొటో ప్రింట్ చేయడం ఎలా?

తెల్ల చొక్కా మీద పప్పు ఒలికిందనుకోండి. సబ్బు తగలగానే ఆ పసుపు మరక ఎర్రబడుతుంది. ఉతికి ఎండలో ఆరేస్తే సాయంత్రానికి వెలిసిపోతుంది. మన ఇళ్లలో అందరూ చూసిందే. ఎండకు వెలవడం, క్షారం తగిలితే ఎర్రబడడం: ఈ రెండు గుణాలే మన ప్రింటుకు పెట్టుబడి.

పూల రసాలు, ఆకు పసర్ల మీద ఎండ ఎలా పనిచేస్తుందో ఇంగ్లండ్‌లో జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త 1842లోనే రాశాడు. ఇలా మొక్కల రంగు పూసిన కాగితాన్ని ఎండలో పెట్టి తీసే ప్రింట్లను ఆంథోటైప్ అంటారు. చాలా పూల రసాలకు రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. పసుపుకు మంచి ఎండలో కొన్ని గంటలు చాలు. అందుకే కొత్తవాళ్లు పసుపుతోనే మొదలుపెట్టాలంటాను.

పసుపు ద్రావణం

పసుపులో రంగునిచ్చే కర్‌క్యుమిన్ నీళ్లలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ తెచ్చుకోండి. శానిటైజర్ జెల్ వాడొద్దు. నేను వాడి చూశాను, కాగితం జిగురుజిగురుగా తయారై మీద పెట్టిన ఆకు అతుక్కుపోయింది. కొమ్ములు పట్టించిన పసుపైతే మంచిది. ఒంటికి రాసుకునే కస్తూరి పసుపులో రంగు తక్కువ, దీనికి పనికిరాదు.

గాజు సీసాలో రెండు టీస్పూన్ల పసుపు వేసి 50 మి.లీ. స్పిరిట్ పోయండి. మూత పెట్టి బాగా కుదిపి, పది నిమిషాలు వదిలేయండి. మడ్డి అడుక్కు దిగాక పైతేటను పల్చటి గుడ్డలో వడకట్టండి. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి ఈ పని స్టవ్ దగ్గర, దీపం దగ్గర వద్దు. కిటికీలు తీసి పెట్టుకోండి, కింద పాత పేపర్లు పరవండి. గచ్చు మీద పడితే ఇంట్లోవాళ్లతో మాట పడాల్సి వస్తుంది.

కాగితానికి పూత

వాటర్‌కలర్ వేసుకునే మందపాటి కాగితం తీసుకోండి. వెడల్పు బ్రష్‌తో ఒక వైపు నుంచి మరో వైపుకు ఒకే ఊపులో పూయండి. పూసిన చోటే మళ్లీ రుద్దితే చారలు పడతాయి. ఆరాక రెండో పూత వేయండి. డార్క్‌రూమ్ అక్కర్లేదు, ఎండ పడని గదిలో మామూలు బల్బు వెలుతురు సరిపోతుంది. ఆరబెట్టడానికి హెయిర్ డ్రయ్యర్ మాత్రం వద్దు.

ఎండలో పెట్టడం

మొదటిసారికి ఆకులే మేలు. మునగ రెమ్మ, ఫెర్న్ లాంటివి ఒక రోజు పుస్తకంలో అదిమి ఉంచండి. పచ్చిగా పెడితే అద్దం కింద చెమ్మ పట్టి మరకలవుతాయి. ఫొటోనే కావాలంటే జిరాక్స్ షాపులో పారదర్శక షీట్ మీద నలుపు తెలుపుల్లో, నలుపు బాగా ముదురుగా ప్రింట్ తీయించండి. ఇక్కడ నలుపు తెలుపులు తారుమారుగా ఉండే నెగటివ్ పని లేదు. నలుపు ఉన్న చోట ఎండ తగలదు, పసుపు నిలుస్తుంది. షీట్ మీద ఇంకున్న వైపు కాగితానికి ఆనాలి. అప్పుడు బొమ్మ కుడిఎడమలు మారతాయి కాబట్టి మిర్రర్ ప్రింట్ అడగండి.

కాగితం, దాని మీద ఆకు లేదా షీట్, ఆపైన పాత ఫొటో ఫ్రేమ్ అద్దం. వెనక గట్టి అట్ట పెట్టి నాలుగు వైపులా క్లిప్పులు బిగించండి. పొద్దున పదికల్లా డాబా మీద పెడితే వేసవిలో రెండు మూడు గంటలు పట్టొచ్చు, మబ్బు రోజున ఇంకా ఎక్కువ. గడియారాన్ని నమ్మకండి. నీడలోకి తెచ్చి, ఒక పక్క క్లిప్పులు తీసి, మూల మాత్రం కొంచెం ఎత్తి చూడండి. ఎండ తగిలిన భాగం లేత మీగడ రంగుకు వచ్చి, ఆకు కింద పసుపు నిగనిగలాడుతుంటే తీసేయొచ్చు. నాకు మొదట్లో ఆత్రం ఎక్కువై గంటకే తీసేశాను. ఆకుకీ వెనక రంగుకీ తేడానే తెలియలేదు.

వెలిగారం నీళ్లు

అసలు వినోదం ఇక్కడే. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో ఒక టీస్పూన్ వెలిగారం, అంటే బోరాక్స్, కరిగించండి. క్యారమ్‌బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ ఇది కాదు, దానిది ఆమ్ల గుణం. చేతికి గ్లవ్స్ వేసుకోండి. వెలిగారం కడుపులోకి పోకూడదు, పిల్లలకు అందనివ్వొద్దు, వాడిన గిన్నె మళ్లీ వంటకు తేవొద్దు.

కాగితాన్ని ఆ నీళ్లలో ముంచగానే, మిగిలిన పసుపంతా మీ కళ్ల ముందే ఇటుక రంగులోకి తిరుగుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేటప్పుడు జరిగేదీ ఇలాంటిదే. రంగు తిరగగానే తీసి, మంచినీళ్లలో ఒకసారి జాడించి నీడలో ఆరేయండి.

ఈ ప్రింటుకు ఫిక్సర్, అంటే బొమ్మ చెరగకుండా నిలబెట్టే మందు, లేదు. ఎండ తగిలితే ఇది కూడా చొక్కా మరకలాగే వెలిసిపోతుంది. ఆరిన రోజే ఫోన్‌తో ఓ ఫొటో తీసుకుని, ప్రింటును ఆల్బమ్‌లో దాచుకోండి. హాల్లో కిటికీ ఎదురుగా నేను తగిలించిన ప్రింటు కొన్నాళ్లకే పాలిపోయింది. బీరువా తలుపు లోపల అంటించిన మునగ రెమ్మ మాత్రం ఇంకా ఇటుక రంగులోనే ఉంది.