ఫైబర్ బోటుకు వ్యాక్స్ పట్టించడానికి ఎలాంటి పాలిషర్ కొనాలి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం అమలయ్యే 61 రోజులే కళింగపట్నం, భావనపాడు, బారువ వంటి మా శ్రీకాకుళం తీర గ్రామాల్లో బోట్లను బాగుచేసుకోవడానికి దొరికే తీరిక. మా చిన్నాన్న ఫైబర్ బోటుకు మొదటిసారి మెరుగు పెట్టినప్పుడు వేరే యంత్రం ఎందుకులే అని, ఇంట్లో ఉన్న నాలుగంగుళాల గ్రైండర్‌కే ప్యాడ్ బిగించాను. ఆ గ్రైండర్ నిమిషానికి పదకొండు వేల చుట్ల దాకా తిరుగుతుంది. అణియం (బోటు ముందు భాగం) అంచు మీద రెండు క్షణాలు ఆగిందో లేదో, అరచేయంత మేర జెల్‌కోట్ (ఫైబర్ మీద ఉండే నున్నని రంగు పొర) కాలి పసుపెక్కి, మధ్యలో ఫైబర్ నేత బయటపడింది. జెల్‌కోట్ మందం దాదాపు అర మిల్లీమీటరే కనుక ఈ పనికి యంత్రం ఎంత నెమ్మదిగా తిరగగలదన్నదే మొదట చూడాలి. గ్రైండర్‌కు రెగ్యులేటర్ తగిలించి వేగం తగ్గించినా, ప్యాడ్‌ను నొక్కగానే మోటారు బలం చాలక ఆగిపోతుంది.

ఏ రకం కావాలో బోటే చెబుతుంది. మంచినీటితో కడిగి ఆరబెట్టిన బోటు పక్కను నల్లగుడ్డతో గట్టిగా తుడిచినప్పుడు సుద్దలాంటి పొడి అంటితే, ఎండకు జెల్‌కోట్ పైపొర చివికిపోయిందని అర్థం. తడిపినప్పుడు రంగు మెరిసి ఆరగానే వెలిసినట్టు కనిపించడం కూడా దీనికే గుర్తు. అలాంటి పక్కకు ఎంత మంచి వ్యాక్స్ పట్టించినా అది సుద్ద మీద నిలుస్తుందే తప్ప జెల్‌కోట్‌ను పట్టుకోదు కనుక, ముందు కాంపౌండుతో (అరగదీసే పేస్టుతో) ఆ పొరను తీసివేయాలి. పొడి అంటకపోతే వ్యాక్స్ ఒక్కటే చాలు.

కాంపౌండు పనికి, ప్యాడ్ బిగించే ప్లేటు ఒకే ఇరుసు మీద గుండ్రంగా తిరిగే రోటరీ పాలిషర్ కావాలి. నిమిషానికి 600 నుంచి 3000 చుట్ల మధ్య వేగాన్ని మార్చుకోగలిగి, నొక్కినప్పుడు కూడా ఆ వేగాన్ని నిలుపుకొనే ఏడంగుళాల యంత్రం మేలు. ఉన్ని ప్యాడ్‌తో 1200 నుంచి 1800 మధ్య నడిపితే సుద్ద పొర లేచిపోతుంది. ఇరుసు మర ఎం14 (14 మిల్లీమీటర్ల మర) అయితే కార్లకు రంగులు వేసే సామాన్ల దుకాణాల్లో దొరికే ప్లేట్లు దీనికి సరిపోతాయి. కొనే ముందు యంత్రాన్ని ఛాతీ ఎత్తున రెండు చేతులతో అడ్డంగా పట్టుకొని ఐదు నిమిషాలు నిలబడి చూడండి. బోటు పక్కకు పని చేసేటప్పుడు ఆ బరువును గంటల తరబడి అలాగే మోయాలి.

వ్యాక్స్ పట్టించడానికి మాత్రం డ్యూయల్ యాక్షన్ పాలిషర్‌నే ఎంచుకోవాలి. ఇందులో ప్లేటు తిరుగుతూనే చిన్న వలయంలో ఊగుతుంది కనుక వేడి ఒకేచోట చేరదు, కొత్తవారి చేతిలోనూ జెల్‌కోట్ కాలే భయం చాలా తక్కువ. ఆ ఊపు 15 మిల్లీమీటర్లు, ప్లేటు ఐదు లేదా ఆరంగుళాలు ఉంటే సరిపోతుంది. ప్లేటు అంచున మార్కర్‌తో ఒక నల్లగీత గీసుకోండి. పని జరుగుతుండగా ఆ గీత స్పష్టంగా కనిపించిందంటే మీరు మరీ గట్టిగా నొక్కడం వల్ల ప్లేటు తిరగడం మానేసి ఊగుతూ మాత్రమే ఉందని అర్థం. స్పాంజి ప్యాడ్‌తో తక్కువ వేగంలో, పొద్దున్నే, బోటు ఒళ్లు వేడెక్కక ముందే పట్టించాలి. మనుషులు నిలబడే గరుకు తట్టు జోలికి మాత్రం పోవద్దు, అక్కడ వ్యాక్స్ పడితే కాలు జారుతుంది.

డ్యూయల్ యాక్షన్ యంత్రాన్ని ఎవరికి వారు కొనుక్కుని, రోటరీని మాత్రం ఒకే తీరంలో నలుగురైదుగురు కలిసి కొనుక్కోవడం మంచిదని నా అభిప్రాయం. దాని అవసరం ఒక్కో బోటుకు ఏడాదిలో ఒకటి రెండు రోజులకు మించదు.

ఒడ్డున కరెంటు ఇంటి నుంచి లాగాల్సి వస్తే సన్నని వైరు పనికిరాదు, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల కేబులు వాడాలి. తడి ఇసుకలో చెప్పులు లేకుండా నిలబడతాం కనుక కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకర్ తప్పనిసరి. బ్యాటరీ యంత్రం చిన్న చిన్న మచ్చలకు పనికొస్తుంది కాని, బోటు మొత్తానికి ఛార్జి చాలదు.

ప్యాడ్లు కనీసం మూడు ఉంచుకోండి. ఇసుకలో పడిన ప్యాడ్‌ను దులిపి మళ్లీ బిగిస్తే ఒక్క రేణువే పక్క పొడవునా గీతలు పెడుతుంది. దాన్ని మంచినీటిలో పిండి, పూర్తిగా ఆరేదాకా పక్కన పెట్టి, వేరే ప్యాడ్‌తో పని కొనసాగించండి.