అమ్మానాన్నల్ని షికాగో పంపే ముందు ఇవి చూసుకోండి

హైదరాబాద్ నుంచి షికాగో 13 వేల కిలోమీటర్ల పైనే. దుబాయ్ మీదుగా వెళ్తే మొదట నాలుగు గంటలు, తర్వాత దాదాపు పదహారు గంటలు గాల్లోనే, మధ్యలో ఆగేది అదనం.

- టికెట్‌లో ఉండేవి ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. షికాగో మనకంటే వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. అది కలపకుండా లెక్కేస్తే ప్రయాణం చాలా చిన్నదిగా కనిపిస్తుంది.

- అర్ధరాత్రి దాటాక విమానమైతే తేదీ మళ్లీ చూడండి. 15వ తేదీ 00:40 అని ఉంటే 14 రాత్రి తొమ్మిదిన్నరకల్లా శంషాబాద్‌లో ఉండాలి.

- రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో తీసుకోండి. మధ్యలో కనీసం మూడు గంటలు ఉంటే పెద్దవాళ్లకి టెన్షన్ ఉండదు. వీల్‌చైర్ ముందే అడిగి పెట్టండి.

- మందులు చేతి బ్యాగులోనే, డాక్టర్ చీటీతో సహా. మా అమ్మ బీపీ మాత్రలు పెద్ద సూట్‌కేసులోకి వెళ్లిపోయాయి, ఆ సూట్‌కేసేమో రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది, ఆ రెండు రోజులూ మాకు నిద్ర లేదు.

- ఆవకాయ సీసా చేతి బ్యాగులో వద్దు, సెక్యూరిటీలో తీసేస్తారు. షికాగోలో దిగాక కస్టమ్స్ వాళ్లు తినేవి ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే చెప్పమనండి.

- రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు నడవమని చెప్పండి, లేదంటే కాళ్లు వాస్తాయి.

- మీ అడ్రసు, ఫోన్ నంబరు కాగితం మీద రాసి నాన్న చొక్కా జేబులో పెట్టండి.