డెస్క్ కింద ట్రెడ్‌మిల్ మధ్యలో ఆగిపోతోందా? బోర్డు మార్చే ముందు ఇవి చూడండి

వాకింగ్ ప్యాడ్ (డెస్క్ కింద పెట్టుకునే ఈ ట్రెడ్‌మిల్‌నే అలా అంటారు) పాడైందని ఎవరు ఫోన్ చేసినా ముందు నేనడిగేది ఒకటే: బెల్టు కింద ఆయిల్ వేసి ఎన్నాళ్లయింది? "ఆయిల్ వేయాలా?" అని తిరిగి నన్నే అడుగుతారు. పెట్టెలో చిన్న సీసా ఇచ్చారు కదండీ, అది ఎందుకనుకున్నారు?

కాబట్టి మీ సమస్య ఏదైనా సరే, ముందు ప్లగ్గు తీసేసి బెల్టు అంచు ఎత్తి, మధ్య దాకా చెయ్యి పోనివ్వండి. వేళ్లకు జిడ్డు తగిలితే సరే. పొడిగా ఉంటే సిలికాన్ ఆయిల్ వేయండి. ఆయిల్ వద్దని కంపెనీయే రాసిన మోడల్ అయితే వదిలేయండి. కొబ్బరి నూనె, కుట్టుమిషన్ నూనె, డబ్ల్యూడీ-40 స్ప్రే మాత్రం ఎవరు చెప్పినా వేయకండి.

అడుగు వేసిన ప్రతిసారీ బెల్టు తడబడుతోంది

బెల్టు పొడిబారినా, వదులైనా ఇలాగే ఉంటుంది. అందరూ నేరుగా ఆలెన్ కీ తీసి బిగిస్తారు. పొడిగా ఉన్న బెల్టును బిగిస్తే ఆ భారమంతా మోటారు మీద, రోలర్ బేరింగుల మీద పడుతుంది. ముందు ఆయిల్ వేయండి. అప్పటికీ జారితే వెనక ఉన్న రెండు బోల్టులనూ సమానంగా పావు చుట్టు బిగించి చూడండి. బెల్టు మధ్యలో పట్టుకుని ఎత్తితే రెండు మూడు అంగుళాలు లేవాలి. బెల్టు ఒక పక్కకు పోతుంటే అది పోతున్న వైపు బోల్టునే పావు చుట్టు బిగించి, రెండు నిమిషాలు ఖాళీగా తిరగనివ్వండి. సీసా మొత్తం ఒంపేసినా బెల్టు జారుతుంది, అది వేరే కథ.

అరగంట బాగా నడిచి ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ మామూలే

జనం చేత అనవసరంగా ఎక్కువ డబ్బు పెట్టించేది ఇదే. మోటారు కాలిపోయిందంటారు, కంట్రోలర్ బోర్డు (మోటారును నడిపే సర్క్యూట్) మారుస్తారు. కొత్త బోర్డు కూడా అరగంటకే ఆగిపోతుంది.

మెల్లగా నడిస్తే మోటారుకు సుఖం అనుకుంటాం. నిజానికి దాన్ని ఎక్కువ కష్టపెట్టేది ఆ మెల్లదనమే. ఇళ్లలో వాడే చాలా ట్రెడ్‌మిల్స్‌లో మోటారును చల్లబరిచే ఫ్యాను మోటారు ఇరుసు మీదే ఉంటుంది. 8 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తేటప్పుడు అది గిర్రున తిరుగుతుంది. టైప్ చేస్తూ 2 కిలోమీటర్ల వేగంతో నడిచేటప్పుడు దాని గాలి ఏ మూలకూ చాలదు. పైగా పరిగెత్తే మనిషి మధ్యమధ్య గాల్లో ఉంటాడు, నడిచే మనిషి కాలు ఎప్పుడూ బెల్టును డెక్కుకు, అంటే దాని కింది పలకకు, నొక్కే ఉంచుతుంది. ఆ బరువును మోటారు తక్కువ వేగంలో లాగాలి. బండిని టాప్ గేర్‌లో తిరుమల ఘాట్ ఎక్కించడం లాంటిదే. వేడి పుడుతూనే ఉంటుంది, పోయే దారి ఉండదు. బోర్డు తనను తాను కాపాడుకోవడానికి ఆపేస్తుంది.

ఇదేనా కాదా అని తేల్చుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. బాగా చల్లారాక, టైపింగ్ పక్కన పెట్టి, 4 కిలోమీటర్ల వేగంతో నడవండి. మెల్లగా నడిచినప్పటికంటే ఎక్కువసేపు ఆగకుండా నడిస్తే దోషం వేడిది. మోటారు బాగానే ఉన్నట్టు.

ఇక చేయాల్సింది: ఆయిల్ (మళ్లీ చెప్తున్నా). మోటారు కవరు సందుల్లో దుమ్ము, జుట్టు ఉంటే ప్లగ్గు తీసి వాక్యూమ్‌తో లాగేయండి. మెత్తటి కార్పెట్ మీద పెట్టి ఉంటే తీసి గట్టి నేల మీద పెట్టండి, కార్పెట్ నూలు కింది నుంచి గాలిని మూసేస్తుంది. మోటారు వైపు గోడకు ఆనించకండి. వేగం 2.5 నుంచి 3 మధ్య ఉంచి, 40 నిమిషాలకోసారి కూర్చుని పని చేసుకోండి. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో ఇంకా ముందే ఆపాలి.

ఇవన్నీ చేసినా ఆగుతుంటే మీరు కొన్న యంత్రమే మీ పనికి చిన్నది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే 2.5 హెచ్‌పీ (హార్స్ పవర్) సాధారణంగా పీక్, అంటే కాసేపు మాత్రమే ఇవ్వగలిగిన శక్తి. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు, ఆ లెక్కన 2.5 హెచ్‌పీకి దాదాపు 1,865 వాట్లు ఉండాలి. కింద అంటించిన స్టిక్కర్ మీద 500 వాట్లని రాసి ఉంటే దాన్నే నమ్మండి. కొనేవాళ్లు కంటిన్యూయస్ హెచ్‌పీ, అంటే ఆగకుండా ఇవ్వగలిగిన శక్తి ఎంత, ఆపకుండా ఎంతసేపు నడపొచ్చు అని అడగండి. అమ్మేవాళ్లు తటపటాయిస్తే అదే జవాబు. బరువు పరిమితి మీ బరువు కంటే కనీసం 25 కిలోలు ఎక్కువ ఉండాలి. 90 కిలోల మనిషి 100 కిలోల ప్యాడ్ మీద రోజూ మూడు గంటలు నడిస్తే పైన చెప్పినదంతా మొదలవుతుంది.

సాయంత్రం స్పీడు పడిపోతోంది, ప్లగ్గు వేడెక్కుతోంది

ల్యాప్‌టాప్, మానిటర్, ఛార్జర్లన్నీ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులోనే దీన్నీ గుచ్చి ఉంటారు. తీసి గోడ సాకెట్‌లో నేరుగా పెట్టండి. ఆ సాకెట్‌కు ఇన్వర్టర్ లైను ఇచ్చారేమో ఎలక్ట్రీషియన్‌ని అడగండి, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (మెయిన్ లైనులా నునుపైన కరెంటు ఇవ్వని రకం) మీద నడపొద్దు. ల్యాప్‌టాప్ ముట్టుకుంటే జిల్లుమంటోందా? ఎర్తింగ్ చూపించండి, అప్పటిదాకా ఎక్కొద్దు.

స్క్రీన్ ఊగుతోంది, మెడ పట్టేసింది

ప్యాడ్ డెస్క్ కాళ్లకు తగులుతోందేమో వంగి చూడండి, చాలాసార్లు అంతే. మెడ సంగతి వేరు. ప్యాడ్ ఎక్కగానే మీరు 10, 12 సెంటీమీటర్లు పైకి లేస్తారు, మానిటర్ మాత్రం అక్కడే ఉంటుంది. నేల మీద నిలబడి మోచేతి ఎత్తు కొలిచి, దానికి ప్యాడ్ ఎత్తు కలపండి. డెస్కు అంత పైకి లేవకపోతే ప్యాడ్ కొనడం వృథా. బెల్టు వెడల్పు 45 సెంటీమీటర్లు ఉంటే మంచిది, కళ్లు స్క్రీన్ మీదుంటే కాలు పక్కకు పోతుంది.

స్పీడ్ సెన్సార్ పాడవడం, బేరింగు అరుపులు, రిమోట్ పలకకపోవడం అరుదు. రిమోట్ అయితే ముందు బ్యాటరీ మార్చండి. మిగతావాటికి మెకానిక్‌ని పిలవండి, ఆయిల్ ఎప్పుడు వేశారో ఫోన్‌లోనే చెప్పేయండి.