లెఫ్ట్ అంటే ఏమిటో అర్థం చేసుకోవాలంటే ముందు ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూడండి

రాజనీతి శాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి "లెఫ్ట్ అంటే ఒక్క ముక్కలో చెప్పండి సార్" అనే ప్రశ్న నాకు అలవాటే. ఒక్క ముక్కలో చెప్పను. చెబితే దాన్ని బట్టీపట్టి, ఆ తర్వాత ఏ చరిత్ర పుస్తకం తెరిచినా తికమకపడతారు. నేను క్లాసులో చేయించే పద్ధతి వేరు.

మొదట కమ్యూనిజాన్ని కాసేపు పక్కన పెట్టండి. మార్క్స్ పుట్టింది 1818లో. ఎడమ, కుడి అనే విభజన 1789 నాటిది. ఆ ఏడాది వెర్సాయ్‌లో ఫ్రాన్స్ జాతీయ సభ రాజ్యాంగం రాసుకుంటోంది. సభ చేసిన చట్టాన్ని రాజు కొట్టిపారెయ్యొచ్చా? ఈ గొడవలో రాజుకు పూర్తి వీటో (చట్టాన్ని తిరస్కరించే అధికారం) ఉండాలన్నవాళ్లు సభాధ్యక్షుడికి కుడివైపు, కూడదన్నవాళ్లు ఎడమవైపు చేరారు. ఎవరూ సీట్లు కేటాయించలేదు, ఎవరికి వాళ్లు తమవాళ్ల పక్కకు జరిగారంతే. అవతలివైపు అరుపులు, తిట్లు తప్పించుకోవడానికే కుడివైపు చేరామని గోవిల్ అనే ప్రభువు (బారన్) రాసుకున్నాడు కూడా. సెప్టెంబర్ 11న ఓటింగ్ జరిగింది. రాజు చట్టాన్ని కొంతకాలం ఆపగలిగితే చాలు, పూర్తిగా కొట్టెయ్యడానికి వీల్లేదన్న పక్షానికి 673, పూర్తి వీటోకు 325 ఓట్లు వచ్చాయి.

ఇక అసలు పని. లెఫ్ట్ అన్న మాట ఎక్కడ కనబడినా పక్కన పెన్సిల్‌తో మూడు రాయండి: ఏ ఏడు, ఏ దేశం, ఎవరి పెత్తనం మీద గొడవ. మూడోదే ముఖ్యం. పైవాళ్ల పెత్తనం తగ్గించి, ఇంకా ఎక్కువమందిని సమానులుగా చూడాలని ఆ రోజు అడుగుతున్నది ఎవరు? ఎడమవైపు వాళ్లే అయ్యుంటారు, చాలాసార్లు.

కానీ ప్రతిసారీ కాదు. ఆ సభలోనే సభ్యుడైన ల షపెలియే సంగతే చూడండి. విప్లవంలో ఎడమవైపువాళ్ల ప్రధాన సంఘమైన జాకోబిన్ క్లబ్బుకు మూలం బ్రెటన్ క్లబ్బు, దాన్ని పెట్టినవాళ్లలో ఒకడు. 1791 జూన్‌లో కార్మిక సంఘాలనూ సమ్మెలనూ నిషేధించిన చట్టం ఆయన పేరుమీదే ఉంది! ఇక్కడ పిల్లలకు టెన్షన్ మొదలవుతుంది. మూడో ప్రశ్న వేస్తే చిక్కు విడిపోతుంది. అప్పటి గొడవ రాజుతో, ప్రభువర్గంతో. యజమాని, కూలీ అన్న గీత సభలో ఇంకా పడలేదు. అది 19వ శతాబ్దంలో పడింది. ఫ్రాన్స్‌లో సమ్మె నేరం కాకుండా పోయింది 1864లో, సంఘాలకు చట్టబద్ధత వచ్చింది 1884లో.

ఇంకో సంగతి కూడా గమనించండి. ఎడమవైపు కొత్తవాళ్లు వచ్చినకొద్దీ పాతవాళ్లు కుడివైపుకు జరుగుతుంటారు. 1820లలో లెఫ్ట్ అనిపించుకున్న ఉదారవాదులను తర్వాత వచ్చిన సోషలిస్టులు కుడివైపుకు నెట్టేశారు. 1920 చివర్లో ఫ్రాన్స్‌లోని తూర్ నగరంలో జరిగిన మహాసభలో సోషలిస్టులే చీలి, కమ్యూనిస్టులు ఇంకా ఎడమన చేరారు. పాతవాళ్ల అభిప్రాయం మారకపోయినా స్థానం మారిపోతుందన్నమాట. నాకు ఈ విషయంలో ఇంతకన్నా ఆసక్తికరమైనది లేదు.

పద్ధతి పట్టుబడిందో లేదో చూసుకోవడానికి ఈ లెక్క చెయ్యండి. 1936లో ఫ్రాన్స్ ప్రధాని లెయాన్ బ్లూమ్ వామపక్ష కూటమి ప్రభుత్వంలో ముగ్గురు మహిళలు సహాయమంత్రులయ్యారు. వాళ్లకే ఓటు హక్కు లేదు. మహిళలకు ఓటు హక్కిస్తే చర్చి చెప్పినట్టే వేస్తారని సెనేట్‌లోని రాడికల్ పార్టీవాళ్ల భయం. ఆ రాడికల్స్ కూడా బ్లూమ్ కూటమిలోనివాళ్లే. ఓటు హక్కు చివరికి 1944లో జనరల్ ద గోల్ నడిపిన ఫ్రెంచ్ జాతీయ విమోచన కమిటీ ఇచ్చింది. ఇప్పుడు మూడో ప్రశ్నకు జవాబు రాయండి. ఒకటి కాదు, రెండు పెత్తనాలు కనబడాలి.